తాళాలాయన

పొద్దున్నే కంప్యూటర్లో వరసలో ఉన్న అర్జీలను ఒక్కొక్కటే తెరిచి తేల్చేస్తూ పోతున్నాడు. ఎక్స్‌రే గదిలో కొత్తగా చేరిన అమ్మాయికి లాగిన్ కావాలి. ఇచ్చాడు. మందుల కౌంటర్లో పని మానేసిన మనిషి పేరు తీసేయాలి. తీసేశాడు. పిల్లల వార్డు నర్సు ఒకావిడ పాస్‌వర్డు మళ్ళీ మర్చిపోయింది. ఆవిడ వారానికోసారి మర్చిపోతుంది, రోగులకు మందులిచ్చినంత క్రమం తప్పకుండా. ఆవిడకు కొత్తది ఇచ్చి, ముందుకు వంగి తర్వాతి అర్జీ మీద నొక్కబోతే చొక్కా జేబులోంచి ఏదో ఛాతీకి గుచ్చుకుంది. అక్క తలపిన్నులు. నిన్నటి చొక్కాయే ఇంకా ఒంటిమీద ఉంది.

వాటిని తీసి కీబోర్డు పక్కన పెట్టాడు. నలుపు పోయి అక్కడక్కడా ఇనుము బయటపడిన పాత పిన్నులు. అన్నీ ఒకేలా ఉన్నా ఒకదాని నోరు మాత్రం బాగా తెరుచుకుపోయి ఉంది. అక్క దాన్ని పళ్ళతో విప్పి జుట్టులో దోపుకుంటుంది. పళ్ళు పోతాయే అని అతను ఎన్నేళ్ళుగానో అంటున్నాడు. పోయినవి పోగా ఉన్నవాటితోనే విప్పుతున్నాలే అని ఆవిడా ఎన్నేళ్ళుగానో అంటోంది.

జీతం కాగితం మీద తప్ప అతని పేరు ఆ ఆసుపత్రిలో ఎక్కడా వినిపించదు. అందరికీ తాళాలాయన. ఎవరు ఏ కంప్యూటరు తెరవచ్చు, ఎవరు ఏ ఫైలు చూడవచ్చు, మానేసినవాళ్ళను ఎప్పుడు బయటికి పంపాలి, ఇదంతా అతని చేతిలో ఉంది. అంత పెద్ద భవనంలో అతను సరేననకపోతే ఒక్క తెర వెలగదు. అయినా క్యాంటీన్లో వరస చివర నిలబడేది అతనే, లిఫ్టు నిండితే దిగి మెట్లెక్కేదీ అతనే. యాభై దాటింది. సన్నటి మనిషి, మెడ ముందుకు సాగి, ఎవరు మాట్లాడినా సరిగ్గా వినపడనట్టు ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదన్న పట్టుదలేమీ లేదు. ఆ సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు, అతనూ గట్టిగా అనుకోలేదు. అక్కా బావల ఇంట్లో ముందుగది అతనిది.

అతను కూర్చునే చోటు భవనం అడుగున, దుప్పట్లు ఉతికే గదికి ఆనుకుని ఉంటుంది. గోడకు ఇటువైపు సర్వర్ల కోసం వేసిన చలి, అటువైపు ఉడుకుతున్న బట్టల వేడి. మధ్యలో గోడ ఏడాది పొడుగునా చెమర్చుతూనే ఉంటుంది. అతని ఎదురు బల్ల హెల్ప్‌డెస్క్ అమ్మాయిది. ఫోన్లన్నీ ఆమే ఎత్తి, తిట్లన్నీ ఆమే తిని, పనులు మాత్రం అతనికి పంపుతుంది.

"ఏంటి సార్, జేబులోంచి తలపిన్నులు తీస్తున్నారు! మాకు చెప్పకుండా ఎవరివండీ?" అంది టీ కప్పు మీదుగా చూస్తూ.

"మా అక్కవమ్మా. నిన్న స్కానింగప్పుడు తీసేయమన్నారు."

ఆమె నాలుక కరుచుకుంది. "అయ్యో, సారీ సార్. ఇప్పుడెలా ఉంది?"

"బానే ఉంది. రిపోర్టు రావాలి."

నిన్న మధ్యాహ్నం అక్క స్నానాల గదిలో కాలు జారి వెనక్కి పడింది. తల వెనక బొప్పి కట్టింది. బావ కంగారుపడి ఆసుపత్రికి తీసుకొస్తే తన కాళ్ళ మీద తానే నడిచొచ్చింది, పైగా వణికిపోతున్న బావను తనే పట్టుకుని నడిపించింది. సాయంత్రం తలకు స్కానింగు తీయాలన్నారు. లోహం ఏదీ ఉండకూడదని అక్కడి మనిషి చెబితే చెవుల దుద్దులు బావ తీశాడు, తలపిన్నులు అతను తీశాడు. పెద్దయ్యాక అక్క జుట్టు మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి. ఎంత పలచబడిపోయిందో అప్పుడే తెలిసింది.

"జాగ్రత్తరా చిన్నోడా. పారేశావో ఊరుకోను. బయటికి రాగానే పెట్టుకోవాలి. ఈ జుట్టేసుకుని నలుగుర్లో తిరగలేను నేను" అంది. కానీ బయటికి రాగానే కదలకుండా పడుకోమన్నారు, పిన్నులు అతని జేబులోనే ఉండిపోయాయి.

అమ్మ పోయేనాటికి అతనికి ఊహ తెలియదు. అక్కే పెంచింది. బట్టలు కుట్టే కంపెనీలో పొద్దంతా మిషను తొక్కి వచ్చి, అతన్ని ముందు కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించేది, తనకు రాని లెక్కలు కూడా. పడుకోబోయే ముందు ఇల్లంతా అతని చేత సర్దించేది. అక్కర్లేనిది బయటికి, కావలసినది దాని చోటికి. ఆ అలవాటే పెద్దయ్యాక అతనికి ఉద్యోగమైంది.

రాత్రంతా వార్డులో అక్క మంచం పక్కన కూర్చున్నాడు. ఫోన్లు మోగకూడదని నర్సు కసిరితే తన ఫోను నోరు నొక్కి జేబులో పడేశాడు. తెల్లారాక అక్కే పొమ్మంది. "ఇక్కడ కూర్చుని నా మొహం ఏం చూస్తావు, పోయి నీ పని చూసుకో." మాట కాస్త ముద్దగా వచ్చింది. నిద్ర లేక అనుకున్నాడు.

తర్వాతి అర్జీ తెరిచాడు. నిన్న రాత్రి వచ్చినది. స్కానింగు సర్వర్లోకి వెళ్ళలేకపోతున్నానని, చూడవలసిన తల స్కాన్లు ఉన్నాయని రాసి ఉంది. పంపింది తలల డాక్టరు.

తలల డాక్టరంటే వేరే ఊళ్ళో ఉండి, అక్కడినుంచే ఈ ఆసుపత్రి సర్వర్లోకి వచ్చి, తల స్కాన్లు చూసి రిపోర్టు రాసే ఆయన. ఇక్కడ రోజూ చూసే స్కానింగు డాక్టరు సెలవు పెడితేనే ఆయన అవసరం పడుతుంది. ఆ రోజువారీ డాక్టరు సెలవన్నది ఎరగని మనిషి. ఈ వారమే పెట్టాడు. రాత్రి డ్యూటీ మనిషి ఈ అర్జీని చూసి, ఎవరో పాస్‌వర్డు మర్చిపోయారనుకుని మామూలు వరసలో పెట్టేశాడు. తాళాలాయన ఫోనుకు కూడా చేసినట్టున్నాడు. జేబులోంచి తీసి చూస్తే ఎత్తని కాల్స్ ఉన్నాయి.

ఆ సర్వరు పేరు చూస్తుంటే అతనికి మెల్లగా ఒక సంగతి గుర్తుకొచ్చింది. గుర్తుకు రాకుండా ఉంటే బాగుండునని వెంటనే అనిపించింది.

ఆసుపత్రిలో మిగతా మెషీన్లన్నీ ఉమ్మడి కుటుంబం. ఒక్క పెద్ద సర్వరు మాట మీద నడుస్తాయి. అక్కడ ఒకసారి పేరు రాస్తే ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారు, అక్కడ కొట్టేస్తే అందరూ మర్చిపోతారు. స్కానింగు సర్వరు మాత్రం వేరు కాపురం. దాన్ని తెచ్చి పెట్టిన కంపెనీవాళ్ళు, మీ పెద్ద సర్వరు కింద పెడితే మాకు పూచీ లేదని తెగేసి చెప్పి పోయారు. అందుకని దానిలోకి వచ్చే ప్రతి మనిషికీ దానిమీదే విడిగా అకౌంటు తయారుచేయాలి. బయటినుంచి రావచ్చునన్న గ్రూపులో విడిగా చేర్చాలి. చూడవలసిన ఫోల్డర్లకు విడిగా అనుమతివ్వాలి. ఎవరున్నారో ఎవరు పోయారో దానికి చెప్పే దిక్కు లేదు, అతనే చెప్పాలి. మూణ్ణెల్లుగా రానివాళ్ళెవరో చూసి ముందు వాళ్ళ అకౌంట్లను నిద్రపుచ్చేవాడు. ఆ మాట అతనిదే. నిద్రపుచ్చినదాన్ని ఎప్పుడైనా లేపవచ్చు. కొన్నాళ్ళు ఆగి, ఎవరూ అడక్కపోతే అప్పుడు చెరిపేవాడు.

పోయిన వారం నిద్రపుచ్చలేదు. చాంతాడంత జాబితా చూసి చిరాకేసింది. అంతా ఒక్కసారే సర్దేస్తే హాయిగా ఉంటుందనిపించి, మూణ్ణెల్లుగా రానివాళ్ళందర్నీ పట్టి ఒకే దెబ్బకు చెరిపేశాడు. శుభ్రంగా మిగిలిన జాబితాను చూసుకుని మురిసిపోయాడు కూడా. చెరిపే ముందు ఒక్కొక్క పేరూ చదవాల్సింది. చదవలేదు.

అక్క తలను చూడవలసిన మనిషిని తన చేత్తోనే గుమ్మంలోంచి గెంటేశాడు. రాత్రంతా ఆ బొమ్మలు చూసే దిక్కులేక పడి ఉన్నాయి. రాత్రంతా అతను అక్క పక్కనే కూర్చుని, రిపోర్టు ఎందుకింత ఆలస్యమని నర్సును అడుగుతూనే ఉన్నాడు.

అదే పేరుతో మళ్ళీ అకౌంటు తయారుచేశాడు. రెండుసార్లు తప్పు కొట్టాడు. డాక్టరుకు ఫోన్ చేశాడు.

"రాత్రినుంచీ మొత్తుకుంటున్నానయ్యా. ఇప్పుడా మీకు తెల్లారింది?" అన్నాడాయన.

"తప్పయింది సార్. ఇప్పుడొక్కసారి చూడండి. ప్లీజ్ సార్."

అవతల కీబోర్డు టకటకలాడింది. "బయటినుంచి రావడానికి అనుమతి లేదంటోంది."

గ్రూపు. గ్రూపులో చేర్చలేదు. నిద్రలో లేపి చేయమన్నా చేయగలిగిన పని, ఇవాళ మర్చిపోయాడు. "ఒక్క నిమిషం సార్, చేర్చేస్తున్నా, ఫోన్ పెట్టకండి."

"నాకు లోపల కేసుంది. అయ్యాక చూస్తా" అని ఆయన పెట్టేశాడు. గ్రూపులో చేర్చి మళ్ళీ చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది.

పోనీ ఆ బొమ్మల్నే డాక్టరుకు పంపుదామా అనుకున్నాడు. వాటిని చూపించే సాఫ్ట్‌వేరు ఆ సర్వర్లోనే ఉంది, బయట తెరుచుకోవు. ఇంకో డాక్టరు ఎవరైనా ఉన్నారా అని మేనేజరుకు ఫోన్ చేశాడు. "ఒక్కాయనతోనే ఒప్పందం. అయినా ఒక పూట లేటయితే కొంపలేం మునగవు" అన్నాడు మేనేజరు. మా అక్కదీ అందులో ఉందండీ అని చెప్పబోయేసరికి ఆయన ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు.

మెట్లెక్కి పైకి పరిగెత్తాడు. అక్క నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. బావ మంచం పక్కన పేపరు పట్టుకున్నాడు గానీ పేజీ తిప్పడం లేదు.

"ఇందాక కాఫీ తాగించబోతే వద్దంది. తలనొప్పంది. అప్పట్నుంచీ పడుకునే ఉంది" అన్నాడు బావ.

"అక్కా."

"ఊఁ" అంది, కళ్ళు తెరవకుండానే. "పిన్నులు..."

"నా దగ్గరున్నాయే. నువ్వు లే, ఇస్తాను."

డ్యూటీ డాక్టరును పట్టుకున్నాడు. ఆమె చిన్నది, చదువు పూర్తి చేసి ఎంతో కాలం కాలేదు, రాత్రినుంచి ఇంటికి పోలేదు. కళ్ళ కింద నలుపు. "నేను చూశానండీ. సన్నటి గీతలాంటిది ఒకటుంది. అది ఎముకో రక్తమో నాకు తెలియట్లేదు. ఊరికే భయపెట్టి తల కోయమనలేను కదా. తలల డాక్టరు ఒక్క మాట చెబితే చాలు" అంది.

ఆ ఒక్క మాట తన వల్లే రాలేదని ఆమెతో చెప్పాలనుకున్నాడు. అతను ఆసుపత్రి తలుపులన్నీ తెరవగలిగిన మనిషి. ఇప్పుడు తన నోరు తను తెరవలేకపోయాడు.

కిందికి వచ్చి ఫోను ముందర పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు చేయలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను ఒక నియమం పెట్టుకున్నాడు. తలుపు తీయడం వరకే తన పని, లోపల ఏముందో చూడకూడదు. ఎవరి రోగమూ, ఎవరి రిపోర్టూ ఒక్కనాడు తెరవలేదు. హెల్ప్‌డెస్క్ అమ్మాయి భోజనానికి లేచి వెళ్ళాక నిన్నటి ఫోల్డర్లో అక్క స్కాను తెరిచాడు. తల లోపలి బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, నలుపు మీద బూడిదరంగు. ఎడమవైపు అంచున డ్యూటీ డాక్టరు చెప్పిన గీత కనిపించినట్టే ఉంది. కుడివైపు కూడా కనిపించినట్టే ఉంది. తనను పెంచిన మనిషి తల అంతా తెర మీద పరిచి ఉంది, అందులో ఒక్క ముక్క అతనికి అర్థం కాలేదు. చూసినకొద్దీ ఏడుపు ముంచుకొచ్చింది. మూసేశాడు. ఎప్పుడు చేతిలోకి తీసుకున్నాడో, ఆ నోరు తెరిచిన పిన్నును వేళ్ళతో సాగదీస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది.

"ఆఁ, లోపలికి రానిచ్చింది. కానీ ఫోల్డర్లేవీ తెరుచుకోవట్లేదు. ఇంట్లోకి పిలిచి గదులకి తాళాలేస్తారేంటయ్యా?"

అతను ఫోల్డరు అనుమతుల పట్టీ తెరిచాడు. తలల డాక్టరు పేరు ఉండాల్సిన చోట ఒక పొడుగాటి నెంబరు ఉంది. ముందు పేరు లేదు, వెనక పేరు లేదు. చూడగానే అర్థమైంది. మెషీను మనిషిని పేరుతో గుర్తుపట్టదు. అకౌంటు పుట్టినప్పుడు దానికో నెంబరిస్తుంది, ఆ నెంబరునే నమ్ముతుంది. అకౌంటును చెరిపేస్తే ఆ నెంబరు పోయినట్టే. మళ్ళీ అదే పేరు పెట్టి తయారుచేస్తే మెషీనుకు వాడు కొత్తవాడు. పాతవాడికిచ్చిన అనుమతులన్నీ పాతవాడి నెంబరు మీదే ఉండిపోతాయి, తీసుకునేవాడు లేక. కొత్తగా చేరినవాళ్ళకు అతను మొట్టమొదట చెప్పే పాఠం ఇదే. అందుకే చెరపకండి, నిద్రపుచ్చండి అని చెబుతాడు.

"ఈసారి లైన్లోనే ఉండండి సార్. దణ్ణం పెడతాను. అందులో మా అక్కది ఉంది."

"సరే. ఉన్నాను. కానీండి" అన్నాడు డాక్టరు. గొంతు మారింది.

ముందు నిన్నటి ఫోల్డరు ఒక్కదానికి అనుమతిచ్చి, అందులో అక్కది ఏదో చెప్పాడు. మిగతా పాతవాటికి వరసగా ఇచ్చుకుంటూ పొమ్మని మెషీనుకు చెప్పాడు. ఆయన ఊపిరి ఫోనులో వినిపిస్తోంది. మౌసు చక్రం గిర్రున తిరుగుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఇది ఎప్పుడు తీసింది? నిన్న సాయంత్రమా? పేషెంటు మాట్లాడుతోందా?"

"నిద్రపోతోంది సార్."

"అది నిద్ర కాదయ్యా. సర్జన్ని పిలవమను. ఇప్పుడే. లోపల రక్తం గూడుకడుతోంది."

అతను మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. ఎక్కేసరికే తలల డాక్టరు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పినట్టుంది, మంచాన్ని తోసుకుపోతున్నారు. బావ ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని వెనక నడుస్తున్నాడు. మలుపులో మంచం గోడకు తగిలి ఆగినప్పుడు అతను అక్క చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది, పట్టు లేదు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు ఆ చెయ్యి ఎముకలు నొప్పెట్టేలా పట్టుకునేది. అక్కా అన్నాడు. ఊఁ అనలేదు. ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాయి.

కిటికీల మీద ఎండ ఇంకా ఉండగానే ఆ తలుపులు తెరుచుకున్నాయి. సర్జను మాస్కు కిందికి లాక్కుని బావ వైపు చూశాడు. మొదలుపెట్టీపెట్టకముందే గుండె ఆగిపోయిందన్నాడు. బావ అర్థమైనట్టు తలూపాడు, తర్వాత కూర్చోవడానికి కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు.

"రాత్రే చూసుంటే బతికేదా సార్?" అని అడిగాడు తాళాలాయన.

సర్జను అతని మొహంలోకి చూశాడు. "బతికేదేమో. చెప్పలేం. ఇప్పుడవన్నీ ఎందుకండీ" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అతను బావ ముందు నేలమీద కూలబడ్డాడు. "బావా, ఆ డాక్టర్ని తీసేసింది నేనే. పోయినవారం నేనే చెరిపేశాను. అందుకే ఆయన రాత్రి చూడలేకపోయాడు. నేనే చేశాను బావా."

బావ అతని తల మీద చెయ్యి వేశాడు. "నువ్వేం చేశావురా? నువ్వు కంప్యూటర్లు చూసుకునేవాడివి. డాక్టర్లకే అంతుపట్టలేదు, నువ్వేం చేస్తావు?"

"అది కాదు బావా. విను."

"ఊరుకో. నిన్నటినుంచీ తిండీ నిద్రా లేవు నీకు. ఏదేదో మాట్లాడుతున్నావు."

తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. ఆ నేరాన్ని అర్థం చేసుకోగలిగిన మనిషి ఆ భవనంలో అతనొక్కడే ఉన్నాడు. ఇక బతికినన్నాళ్ళూ దాన్ని ఎవరికి ఎలా విప్పి చెప్పినా, పాపం, అక్క పోయిన బాధలో అలా అంటున్నాడు అనే అంటారు.

కాసేపటికి బావ కళ్ళు తుడుచుకున్నాడు. "ఒరేయ్, మీ అక్క పిన్నులు నీ దగ్గరున్నాయిగా. తీసుకురా. జుట్టంతా చెదిరిపోయి ఉంది. నలుగురూ వచ్చేలోపు కాస్త సర్దుదాం. అలా ఉంటే తనకి నచ్చదు."

కిందికి దిగాడు. హెల్ప్‌డెస్క్ అమ్మాయి అతన్ని చూసి లేచి నిలబడింది. గోడ అవతల దుప్పట్లు తిరుగుతున్నాయి. తెర మీద పని పూర్తయినట్టు కనిపిస్తోంది. దాని కింద తలల డాక్టరు పంపిన కబురు. ఇప్పుడు పాతవి కూడా అన్నీ కనిపిస్తున్నాయి, థ్యాంక్స్, మీ అక్కగారికి ఎలా ఉంది అని. ఆ వెనక ఫోల్డరు పట్టీలో కొత్త పేరు పైన ఆ పేరులేని నెంబరు ఇంకా ఉంది. దాన్ని కూడా తీసేసి శుభ్రం చేయాలి. అతను ఎప్పుడూ తీసేసేవాడు. ఇవాళ దాన్ని ముట్టుకోలేదు. తెర ఆర్పేశాడు.

పిన్నులు ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడు. నోరు తెరిచిన పిన్ను దగ్గర చెయ్యి ఆగింది. మధ్యాహ్నం సాగదీసీ సాగదీసీ దాన్ని నిటారుగా చేసేశాడు. మళ్ళీ వంచాడు. వంగింది గానీ పట్టు రాలేదు, వదిలేస్తే తిరిగి విచ్చుకుంది. ఇంకోసారి వంచాడు. పళ్ళతో నొక్కి చూశాడు. ఇనుము చేదు నాలుకకు తగిలింది. దాన్ని తిరిగి బల్ల మీదే పెట్టేశాడు.

"సార్, నేనూ రానా పైకి?" అంది ఆ అమ్మాయి.

అతను తలూపి, జేబు మీద చెయ్యి అదుముకుని, ఆమె వెనకే మెట్లవైపు నడిచాడు. కీబోర్డు పక్కన, వంపంతా పోయి తీగలా మిగిలిన ఆ ఒక్క పిన్నుకు అక్క తెల్ల వెంట్రుక ఒకటి ఇంకా చుట్టుకునే ఉంది.